మడతా, చుట్టా, క్యూబ్సా, వాక్యూమ్ కవరా: మీ సూట్‌కేస్‌కి ఏది సరిపోతుంది?

అమ్మ మొదటిసారి అమెరికా బయలుదేరినప్పుడు సర్దే పని నేనే తీసుకున్నాను. వాక్యూమ్ కవర్లు కొత్తగా తెప్పించి చీరలు, స్వెట్టర్లు, రెండు దుప్పట్లు వాటిలో పెట్టి గాలి లాగేస్తే అన్నీ అప్పడాల్లా అణిగిపోయాయి. సూట్‌కేస్‌లో సగం ఖాళీ కనిపించేసరికి ఇంట్లో అందరికీ ఉత్సాహం వచ్చింది. కందిపొడి, గోంగూర పచ్చడి, సున్నుండలు, మనవడికి పట్టు పంచె, ఇత్తడి దీపపు కుందులు, ఒకటి తర్వాత ఒకటి వచ్చి చేరాయి. శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర కాటా 27 కిలోలు చూపించింది. అనుమతి 23. నేల మీద సూట్‌కేస్ తెరిచి, బరువు తీయడానికి ఒక కవర్ సీల్ విప్పగానే దుప్పటి బుస్సున పొంగింది. ఆ తర్వాత మూత పడలేదు. వెనక క్యూ అంతా చూస్తుంటే అమ్మ పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ఊరికి బయలుదేరినా ముందు ఒకటే అడుగుతాను: ఈ ప్రయాణంలో మనకి ముందుగా అయిపోయేది జాగానా, బరువా? దీనికి జవాబు తెలిస్తే బట్టలు మడవాలా, చుట్టాలా, కవర్లలో అణచాలా అన్నది చాలావరకు తేలిపోతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

బరువా, జాగా? అమెరికా వెళ్ళే ఎకానమీ టికెట్లలో ఎక్కువగా ఒక్కో బ్యాగ్‌కి 23 కిలోల లెక్క ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. గల్ఫ్ వైపు మొత్తం బరువు ఇంత అని చెప్పే టికెట్లు ఎక్కువ. అక్కడ కూడా ఒక్క బ్యాగ్ 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు. దేశంలో తిరిగే విమానాల్లో చాలావరకు లోపలికి వేసే సామాను 15 కిలోలు, చేతి బ్యాగ్ 7 కిలోలు. రైల్లో ఈ ఇబ్బంది దాదాపు లేదు: స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోల వరకు ఉచితం. రైల్లో అడ్డొచ్చేవి బెర్త్ కింద ఉండే ఎత్తు, మెట్ల మీద మోసే మన చేతులు.

28 అంగుళాల పెద్ద సూట్‌కేస్‌ని బట్టలతో మామూలుగా మడతపెట్టి నింపితేనే 23 కిలోల దగ్గరికి వస్తుంది. అంటే ఆ ప్రయాణంలో జాగా మిగల్చడం వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. అదే 20 అంగుళాల చిన్న పెట్టెతో బెంగళూరుకి మూడు రోజులు వెళ్తుంటే జాగా చాలా విలువైనది.

ఏ బట్టలు? టీ షర్టులు, లెగ్గింగులు, రేయాన్ కుర్తీలు ఎలా పెట్టినా సర్దుకుంటాయి. గంజి పెట్టిన నూలు చీర, జరీ ఉన్న పట్టుచీర, మగ్గం వర్క్ బ్లౌజు, సూటు కోటు సర్దుకోవు. సర్దే పద్ధతి బట్టని బట్టి మారాలి. ఒకే సూట్‌కేస్‌లో రెండు మూడు పద్ధతులు కలపడంలో తప్పేమీ లేదు.

ఎన్నిసార్లు తెరుస్తారు? ఒకే ఇంటికి వెళ్ళి ఆరు నెలలు ఉండేవాళ్ళు ఒక్కసారి తెరుస్తారు. కాశీ, ప్రయాగ, అయోధ్య అంటూ రాత్రికో ఊరు మారేవాళ్ళు రోజూ తెరిచి మూస్తారు. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

మీరు కాక ఇంకెవరు తెరుస్తారు? అమెరికాలో మీరు చేరేది ఏ ఊరైనా, మామూలుగా మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ అప్పగించాలి. అక్కడ అధికారి పెట్టె తెరవమంటే రెండు నిమిషాల్లో తెరిచి, రెండు నిమిషాల్లో మూయగలగాలి.

## మడత: పాతదే, పట్టుబట్టలకి ఇప్పటికీ ఇదే

చాలామంది మడతని పాత పద్ధతని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. చీరలకి, ఇస్త్రీ చొక్కాలకి, పంచెలకి దీన్ని మించింది లేదు. ముడత పడేది మడత గీత దగ్గర మాత్రమే, అది కూడా ఎక్కడ పడాలో మనమే నిర్ణయిస్తాం.

పట్టుచీర విషయంలో కాస్త శ్రద్ధ కావాలి. బీరువాలో ఎన్నాళ్ళుగానో ఉన్న మడత మీదే మళ్ళీ మడిచి, పైన బరువు పెడితే జరీ ఆ గీత వెంట చిట్లుతుంది. చీర మొత్తం విప్పి, మడత స్థానం మార్చి, జరీ లోపలికి వచ్చేలా మడవండి. మడతల మధ్య పల్చటి నూలు చున్నీని చుట్టలా చేసి పెడితే గీత పదునుగా పడదు. పాత నూలు పంచె ముక్కలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, తేమ పట్టుకుంటుంది. మగ్గం వర్క్ బ్లౌజుని తిరగేసి, లోపల మెత్తటి గుడ్డ పెట్టి మడిస్తే పూసలు, కుందన్‌లు పక్కనున్న చీరని లాగవు.

మడతకి ఉన్న లోపం ఒకటే. దొంతర అడుగున ఉన్నది కావాలంటే పైనవన్నీ కదలాలి. దీనికి నేను చేసే పని, దొంతరలు ఒకదానిపై ఒకటి కాకుండా పుస్తకాల అరలో పుస్తకాల్లా నిలబెట్టడం. చొక్కాలు, చుడీదార్లు అలా నిలబెడితే పైనుంచి అన్నీ కనిపిస్తాయి. పెట్టె నిండుగా ఉంటేనే ఇది నిలుస్తుంది, సగం ఖాళీగా ఉంటే కూలిపోతుంది.

## చుట్ట: చిన్న పెట్టెకి మంచి నేస్తం

బట్టని గట్టిగా చుట్టినప్పుడు మధ్యలో ఉన్న గాలి పోతుంది, మూలల్లో, చక్రాల గొట్టాల పక్కన ఉండే సందుల్లోకి చుట్టలు దూరతాయి. పెట్టె అడుగున పైపుల్లా రెండు గట్లు ఉంటాయి కదా, వాటి మధ్య పల్లంలో మడత బట్టలు సరిగా కూర్చోవు, చుట్టలు చక్కగా కూర్చుంటాయి. టీ షర్టులు, లుంగీలు, నైటీలు, పిల్లల బట్టలు, జీన్సు, తువ్వాళ్ళు, వీటన్నిటికీ చుట్టే నా మొదటి ఎంపిక.

నూలు చొక్కా, గంజి చీర, లినెన్ చుడితే మాత్రం ఒళ్ళంతా సన్న ముడతలు పడతాయి. వెళ్ళిన చోట ఇస్త్రీపెట్టె దొరుకుతుందో లేదో చూసుకుని చుట్టండి. పట్టుచీర అసలు చుట్టొద్దు. బిగించి చుట్టినప్పుడు జరీ నలిగిపోతుంది, అది మళ్ళీ సాఫీ అవదు.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒక చొక్కా, నిక్కరు, లోదుస్తులు కలిపి ఒకే చుట్టగా చుడితే రోజుకో చుట్ట తీసుకోవడమే. పొద్దున్నే సత్రం గదిలో, చంటిపిల్ల ఏడుస్తుండగా, ఇది ఎంత సాయమో అనుభవిస్తేనే తెలుస్తుంది.

## క్యూబ్స్: జాగా కన్నా మనశ్శాంతి

ప్యాకింగ్ క్యూబ్స్ అంటే జిప్పు ఉన్న చిన్న గుడ్డ సంచులు. జాగా మిగులుతుందని కొంటారు. రెండో జిప్పుతో నొక్కే రకం కాకపోతే పెద్దగా మిగలదు. ఆరు సంచుల సెట్టే దాదాపు అరకిలో తూగుతుంది కూడా. 7 కిలోల చేతి బ్యాగ్‌లో అరకిలో చిన్న విషయం కాదు.

అయినా నేను వీటిని వదులుకోను. కుటుంబంలో ఒక్కొక్కరికి ఒక్కో రంగు కేటాయిస్తే ఎవరి బట్టలు వాళ్ళవి. కస్టమ్స్‌లో పెట్టె తెరిచినా లోదుస్తులు అందరి ముందూ పడవు. రోజూ గది మారే యాత్రలో ఒక సంచి తీసి, ఒక సంచి పెట్టి, జిప్పు వేస్తే పని అయిపోతుంది.

డబ్బు పెట్టాల్సిన పని కూడా లేదు. ఇంట్లో ఉన్న దిండు గలీబులు, చీరలతో పాటు వచ్చే జిప్పు గుడ్డ సంచులు ఇదే పని చేస్తాయి. మా నాన్న యాత్రలన్నీ నాలుగు గలీబులతో జరిగాయి. ఒకటి ఉతికినవాటికి, ఒకటి మాసినవాటికి, ఒకటి పూజ బట్టలకి, ఒకటి స్వెట్టరు, మఫ్లరు, మేజోళ్ళకి.

## వాక్యూమ్ కవర్: ఎప్పుడు వరం, ఎప్పుడు ఉచ్చు

ఈ నాలుగింటిలో జాగాని నిజంగా ఎక్కువ మిగిల్చేది ఇదే. రగ్గు, లోపల దూదిలాంటి నింపుడు ఉన్న చలికోటు, ఉన్ని స్వెట్టర్లు, ఇవి ఎక్కువ భాగం గాలే. గాలి తీస్తే సగానికి దిగిపోతాయి. డిసెంబరులో రైల్లో ఢిల్లీ దాకా, అక్కడి నుంచి సిమ్లా, మనాలి వెళ్ళే కుటుంబానికి, ఒక పెట్టెలో నలుగురి చలికోట్లు పట్టాలంటే వేరే దారి లేదు.

కానీ గాలి తీసేస్తే బరువు తగ్గదు. రగ్గు బయట ఒక కిలో అయితే కవర్‌లోనూ ఒక కిలోనే. కళ్ళకి ఖాళీ కనిపిస్తుంది, చేయి ఊరుకోదు, ఏదో ఒకటి పెట్టేస్తాం. మా అమ్మ పెట్టెలో జరిగింది అదే. బరువు పరిమితి ఉన్న విమానానికి వాక్యూమ్ కవర్ వాడితే, మిగిలిన ఖాళీని ఖాళీగానే వదిలేసే నిగ్రహం ఉండాలి, లేదా చిన్న సైజు పెట్టెకి మారాలి. చిన్న పెట్టె సొంత బరువు ఒక కిలో తక్కువ ఉంటుంది కాబట్టి ఆ లాభం మాత్రం నిజమైనది.

ఇంకో రెండు ఇబ్బందులు. ఎవరైనా తనిఖీకి కవర్ విప్పితే మళ్ళీ అణచడానికి పంపు కావాలి. తిరుగు ప్రయాణంలో కూడా కావాలి. పంపు లేకుండా చేత్తో చుట్టి గాలి తీసే రకం అయితే ఈ బాధ ఉండదు, కొంటే అదే కొనండి. పట్టు, జరీ, తోలు, గంజి బట్టలు ఇందులో పెట్టకండి.

సూటు కోటు తీసుకెళ్ళేవాళ్ళకి ఐదో పద్ధతి ఒకటుంది. మధ్యలో మెత్తటి బట్టల మూట పెట్టి, దాని చుట్టూ ప్యాంటు, చొక్కాలు, అన్నిటికన్నా బయట కోటు వచ్చేలా ఒక్కొక్కటి చుట్టడం. ఎక్కడా పదునైన మడత పడదు. ఇంటర్వ్యూకో, రిసెప్షన్‌కో ఒక్క జత కోసం బాగుంటుంది. మధ్యలోది కావాలంటే మొత్తం విప్పాలి కాబట్టి రోజూ తెరిచే పెట్టెకి వద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | మడత | చుట్ట | క్యూబ్స్ | వాక్యూమ్ కవర్ |
|---|---|---|---|---|
| జాగా ఆదా | తక్కువ | బాగానే | కొద్దిగా | చాలా ఎక్కువ |
| బరువు | మారదు | మారదు | కాస్త పెరుగుతుంది | మారదు, ఖాళీ చూసి మనమే పెంచేస్తాం |
| ముడతలు | గీతల దగ్గరే | అల్లిక బట్టకి తక్కువ, నూలుకి ఎక్కువ | లోపల పెట్టిన తీరుని బట్టి | ఎక్కువ |
| వెతుక్కోవడం | దొంతరైతే కష్టం, నిలబెడితే సులువు | సులువు | చాలా సులువు | తెరిస్తే మళ్ళీ మొదటికి |
| పట్టు, జరీ | ఇదే సరైనది | వద్దు | పెద్ద సంచైతే పర్వాలేదు | అసలు వద్దు |
| ఖర్చు | లేదు | లేదు | గలీబులతో అయితే లేదు | ఉంది |

## మీరు ఎవరు, మీది ఏ ప్రయాణం?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు. ఇక్కడ బరువు ముందు అయిపోతుంది. మడత, క్యూబ్స్ కలిపి వాడండి, వాక్యూమ్ కవర్లు ఇంట్లోనే ఉంచండి. ఇద్దరికీ చెరో రెండు పెట్టెలు ఉంటే అమ్మవి ఒకదాంట్లో, నాన్నవి ఒకదాంట్లో పెట్టకండి. ప్రతి పెట్టెలో ఇద్దరివీ కొన్ని జతలు ఉంచండి. ఒక పెట్టె ఆలస్యంగా వచ్చినా కట్టుబట్టలతో మిగిలిపోరు. మందులు, చీటీలు, బంగారం, పవర్ బ్యాంకు చేతి బ్యాగ్‌లోనే. పవర్ బ్యాంకు లోపలికి వేసే పెట్టెలో పెట్టనివ్వరు.

తిండి సామాను అంతా ఒకే పెట్టెలో, పైపొరలో, ఒకే సంచిలో ఉండాలి. అడిగితే ఆ ఒక్క సంచి తీసి చూపిస్తే సరిపోతుంది. ఫారంలోనో, నోటితోనో తిండి ఉందని చెప్పేయండి. చెప్పకుండా దొరికితేనే జరిమానా. పచ్చి కరివేపాకు, పళ్ళు, చికెన్, మటన్ పచ్చళ్ళు రానివ్వరు. ఖప్రా అనే గింజ పురుగు భయంతో మన దగ్గర నుంచి ప్రయాణికులు బియ్యం తీసుకెళ్ళడాన్ని కూడా 2021 నుంచి ఆపేశారు. ఎండుకొబ్బరి చిప్పలు తీసేయండి. వాటిలోని నూనె వల్ల తమంతట తామే అంటుకునే సరుకుల జాబితాలో ఉన్నాయి, మన ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు. కారప్పొడులు, సున్నిపిండి చేతి బ్యాగ్‌లో పెట్టకండి. అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులకి ప్రత్యేక తనిఖీ ఉంటుంది, తేలకపోతే అక్కడే వదిలేయాలి.

పచ్చళ్ళు గాజు సీసాల్లో వద్దు. విదేశాలకని చెబితే పచ్చళ్ళ షాపుల్లో కవర్లలో గట్టిగా సీల్ చేసిస్తారు. ఇంటి పచ్చడి అయితే పైన తేలే నూనె కొంత తీసేసి, రెండు కవర్లలో సీల్ చేయించి, గట్టి డబ్బాలో పెట్టి, చుట్టూ పాత తువ్వాళ్ళు కూరండి. ఆవకాయ నూనె పట్టుచీర మీద పడితే ఏ డ్రైక్లీనింగూ కాపాడలేదు. ఆ రెండూ వేర్వేరు పెట్టెల్లో ఉండాలి.

ఆగస్టులో ఎంఎస్‌కి వెళ్ళే పిల్లలు. బరువు, జాగా రెండూ బిగుతుగానే ఉంటాయి. బట్టలన్నీ చుట్టండి. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్తుంటే దాన్ని ఖాళీగా పెట్టకండి, పిడి విప్పి లోపల పోపు డబ్బా, సాక్సులు నింపండి. చలికోటు ఇక్కడ కొని మోయడం కన్నా అక్కడికి వెళ్ళాక కొనుక్కోవడం మేలు. జీన్సు ఒక్కోటి అరకిలో పైనే తూగుతుంది, ఆరు వద్దు, మూడు చాలు. బరువైన బూట్లు కాళ్ళకి వేసుకుని, జాకెట్ ఒంటి మీద వేసుకుని ఎక్కండి. ఐ-20 (అక్కడి యూనివర్సిటీ ఇచ్చే ఫారం), పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి.

గల్ఫ్‌కి వెళ్ళొచ్చేవాళ్ళు. మొత్తం బరువు లెక్క కాబట్టి పెట్టె సొంత బరువే మొదటి దండగ. గట్టి పెద్ద పెట్టె నాలుగైదు కిలోలు ఉంటుంది, గుడ్డ బ్యాగ్ దానిలో సగం కూడా ఉండదు. బట్టలు చుట్టి గుడ్డ బ్యాగ్‌లో వేసుకోండి.

రెండు మూడు రోజుల ఆఫీసు పని. చేతి పెట్టె ఒక్కటే. ప్యాంట్లు, చొక్కాలు మడత, మిగతావన్నీ చుట్ట. షాంపూ, నూనె సీసాలు విదేశీ విమానంలో 100 మిల్లీలీటర్లు దాటకూడదు.

పెళ్ళికి వెళ్ళే కుటుంబం. పెళ్ళి బట్టలకి వేరే పెట్టె, అందులో మడత తప్ప ఇంకేమీ వద్దు. దాని మీద ఇంకో సామాను పెట్టొద్దని కారు డ్రైవరుకి కూడా చెప్పండి. ముహూర్తం, రిసెప్షన్, సత్యనారాయణ వ్రతం, ఇలా సందర్భాల వారీగా ఒక్కో సంచి చేయండి. చీర, దాని బ్లౌజు, లంగా, గాజులు ఒకే సంచిలో ఉంటే తెల్లవారుజాము ముహూర్తానికి లైటు వేసి అందరినీ లేపాల్సిన పని ఉండదు.

చార్‌ధామ్, కాశీ యాత్రలు. క్యూబ్స్ లేదా గలీబులు. బస్సు పైన సామాను వేస్తారు, కొండల్లో వాన పడుతుంది, కాబట్టి పెట్టె లోపల పెద్ద ప్లాస్టిక్ కవర్ పరిచి దానిలో సంచులు పెట్టండి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి నడకో, గుర్రమో, డోలీయో, పెద్ద పెట్టె పైకి రాదు. ఆ ఒక్క రాత్రికి కావాల్సిన ఉన్ని బట్టలు, మందులు, రెయిన్‌కోటు ముందే ఒక సంచిలో ఉంటే దాన్ని భుజం బ్యాగ్‌లోకి మార్చుకుంటే చాలు. రైల్లో గొలుసు, తాళం మర్చిపోవద్దు.

## పెట్టె మూసే ముందు

ఏ పద్ధతి ఎంచుకున్నా బరువైనవి చక్రాల వైపు ఉండాలి. పెట్టె నిలబెట్టినప్పుడు అడుగున బరువుంటే తూలదు, పైన ఉన్న చీరలు నలగవు. చెప్పులు, బూట్లు అక్కడే, లోపల సాక్సులు కూరి, గుడ్డ సంచిలో.

వేలాడదీసే చేతి కాటా ఒకటి కొనుక్కోండి, లేదా ఇంట్లో మనుషుల బరువు చూసే మిషన్ మీద మీరు ఒక్కరూ, తర్వాత పెట్టె పట్టుకుని ఒకసారి నిలబడి తేడా చూడండి. 23 కిలోల పెట్టెని 22 దగ్గర ఆపండి, కాటాకీ కాటాకీ తేడా ఉంటుంది. బయలుదేరే గంట ముందు కాకుండా ముందురోజు సాయంత్రమే తూచండి. చివరి నిమిషంలో పక్కింటి పిన్నిగారు వాళ్ళ అబ్బాయికి పంపే స్వీట్ల డబ్బా ఎలాగూ వస్తుంది, దానికో కిలో ముందే వదిలి పెట్టండి. ఆ డబ్బాలో ఏముందో అడిగి, మీ ముందే విప్పించి చూసుకున్నాకే పెట్టెలో పెట్టండి. మీ పెట్టెలో దొరికినదానికి జవాబు చెప్పాల్సింది మీరే.

అమ్మ రెండోసారి వెళ్ళినప్పుడు చీరలు మడతలో, నైటీలు చుట్టల్లో, తిండి సంచి పైన పెట్టి సర్దాం. కాటా మీద ఒకటి 22.4, ఇంకోటి 21.8. పెట్టె తెరవాల్సిన అవసరమే రాలేదు.